కొంగ కాళ్ళ లెక్క

మా ఆఫీసులో నన్ను కొంగ అంటారు. ఆరడుగుల మూడంగుళాల మనిషిని, అందులో ముప్పాతిక భాగం కాళ్ళే. అటెండరు దగ్గర్నుంచి ఇంజనీరు దాకా అందరూ "కొంగా" అనే పిలుస్తారు, నేనూ పలుకుతాను. పంతొమ్మిదేళ్ళుగా సిగ్నల్ మెకానిక్‌ని. ఏ కూడలిలో ఏ స్తంభం పక్కన ఏ పెట్టె ఉందో, ఏ పెట్టె తలుపు తుప్పు పట్టి మొరాయిస్తుందో కళ్ళు మూసుకుని చెప్తాను. కోపం కూడా ఎక్కువే నాకు. ముక్కు మీదే కాపురం పెట్టిందంటుంది మా అక్క. ఆ కాళ్ళూ ఆ కోపమూ కలిసి ఒక్క రోజులో ఇద్దరి బతుకులు విరగ్గొట్టాయి. ఆ సంగతే చెబుతున్నాను. నన్ను వెనకేసుకు రావడానికి మాత్రం కాదు.

రోడ్డు దాటేవాళ్ళ కోసం స్తంభం మీద ఆకుపచ్చ మనిషి బొమ్మ వెలుగుతుంది కదా. అది ఎన్ని సెకన్లు వెలగాలో పెట్టేది మేమే. పెట్టాక ఆ టైము చాలుతుందో లేదో ఒక మనిషి నడిచి చూడాలి. మా కాగితంలో దానికి "నడక పరీక్ష" అని ఒక గడి ఉంటుంది. మండుటెండలో రోడ్లు దాటడానికి ఎవడికి సరదా? "కొంగని పంపండి, నాలుగంగల్లో తేల్చేస్తాడు" అనేవాళ్ళు. నేను వెళ్ళేవాణ్ణి, తేల్చేవాణ్ణి. నేను దాటితే చాలినట్టే. గడిలో టిక్కు పెట్టి సంతకం చేసేవాణ్ణి. అలా పదకొండేళ్ళ పాటు ఊళ్ళో ముసలీ ముతకా, చంటిపిల్లల తల్లులూ, కాలు నొప్పివాళ్ళూ అందరూ నా కాళ్ళతో నడవాల్సి వచ్చింది. ఒక్కనాడూ ఆ ఆలోచన నా మట్టిబుర్రకి తట్టలేదు. పైగా గర్వం. ఆఫీసులో నా అంత వేగంగా దాటేవాడు లేడని.

మార్కెట్ కూడలి సంగతి చెప్పాలి. అటు మూడు వరసలు, ఇటు మూడు వరసలు, మధ్యలో నిలబడి ఊపిరి పీల్చుకోవడానికి కూడా దిమ్మె లేదు. మొదట్లో అక్కడ నడకబొమ్మకి ఇరవై రెండు సెకన్లుండేవి. బండ్లు బారులు తీరుతున్నాయని పైనుంచి ఫోను వచ్చినప్పుడల్లా ఇంజనీరు నన్ను పిలిచేవాడు. "రెండే రెండు సెకన్లు తగ్గించు కొంగా. రెండు సెకన్లకి ఎవడి ప్రాణం పోతుంది?" అనేవాడు. నాకూ నిజమే అనిపించేది. ఇరవై అయింది, పద్దెనిమిది అయింది, పదహారు, పద్నాలుగు. కిందటేడు పన్నెండు చేశాం. పన్నెండుకి నేను కొంచెం గట్టిగా అడుగులు వేయాల్సి వచ్చింది, అంతే. దాటాను. టిక్కు పెట్టాను.

ఆ కూడలికి అవతల మా అక్క కుట్టుమిషను కొట్టు ఉంది. ఇల్లు ఇవతల. నాకంటే పదకొండేళ్ళు పెద్దది. అమ్మ పోయాక నా ముక్కు తుడిచింది, నిక్కర్లు కుట్టింది, చదవకపోతే స్కేలుతో వాయించింది. బావ పోయాక నా దగ్గరే ఉంటోంది, అంటే నేనే ఆవిడ దగ్గర ఉంటున్నానని ఆవిడ లెక్క. నలభై ఏళ్ళు మిషను తొక్కి తొక్కి మోకాళ్ళు అరిగిపోయాయి. ఏది చేసినా లెక్కపెట్టుకుంటూ చేయడం ఆవిడకి అలవాటు. కుట్లు లెక్కపెడుతుంది, మెట్లు లెక్కపెడుతుంది, నేను తిన్న ముద్దలు కూడా లెక్కపెడుతుందని నా అనుమానం.

"ఒరేయ్, ఆ బొమ్మకి ఇంకాస్త టైము పెట్టించరా," అంది ఒకరోజు, గుమ్మంలో చెప్పులు విడుస్తూ. "సగం రోడ్డుకి రాకముందే ఆరిపోతోంది. వెనక్కి పోలేను, ముందుకి పోలేను."

"నువ్వలా పెళ్ళినడకలు నడిస్తే ఏ బొమ్మ ఆగుతుందక్కా?"

"వెటకారం తర్వాత. ఆదివారం పొద్దున్నే బండ్లు లేనప్పుడు లెక్కపెట్టుకుంటూ దాటాను. ముప్పై దాటుతోంది నాకు."

"ముప్పై పెడితే ఊరంతా ఆగిపోతుంది."

"ఆగితే చచ్చిపోతుందా ఊరు?" అంది. నేను నవ్వి పక్కకి వెళ్ళిపోయాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అది జరిగిన రోజు గురువారం, మిట్టమధ్యాహ్నం. మార్కెట్ కూడలిలో బండ్ల సిగ్నల్‌లో ఎర్రదీపం మాడిపోయిందంటే మార్చడానికి వెళ్ళాను. స్తంభానికి నిచ్చెన వేసుకుని, చేతిలో పెద్ద పానా పట్టుకుని దీపాల పెట్టె పక్కన వేలాడుతున్నాను. మార్చడం అయిపోయింది, నట్లు బిగిస్తున్నాను. కిందికి చూస్తే అవతలి ఒడ్డున అక్క. భోజనానికి ఇంటికి బయల్దేరింది. బొమ్మ ఆకుపచ్చకి మారగానే రోడ్డు మీదికి దిగింది. నేను పైనుంచి అరిచాను.

"అక్కా, కాళ్ళు కదుపు! పెళ్ళికొడుకు లేచిపోతాడు!"

ఆవిడ తలెత్తి, నన్ను చూసి, చెయ్యి విసిరింది. "నోరు మూసుకుని పని చేసుకో" అని అర్థం. తలెత్తిన ఆ ఒక్క క్షణం ఆగింది కూడా. తర్వాత తల దించుకుని, పెదాలు కదుపుతూ, లెక్కపెట్టుకుంటూ నడిచింది. రెండో వరస మధ్యలో ఉండగా బొమ్మ ఎర్రబడింది. నా చెంప పక్కనే బండ్ల ఆకుపచ్చ దీపం వెలిగింది. దాని వేడి కూడా నాకు తగిలింది. అందుకే ఈ విషయంలో నేను పొరబడ్డానని ఎవరూ అనలేరు.

రెండో వరసలో ఆగి ఉన్న బస్సు డ్రైవరు అక్కని చూశాడు. కదల్లేదు. చేత్తో దాటమని సైగ చేశాడు. అక్క బస్సు ముందు నుంచి మూడో వరసలోకి అడుగు పెట్టింది. అప్పుడే వెనక నుంచి, దీపం ఆకుపచ్చగా మారడం చూసి బ్రేకు వదిలేసిన బ్రెడ్డు వ్యాను ఒకటి బస్సు పక్కగా దూసుకొచ్చింది. బస్సు గోడలా అడ్డం. వ్యానువాడికి అక్క కనబడే దారి లేదు, అక్కకి వ్యాను కనబడే దారి లేదు. పైన వేలాడుతున్న నాకు మాత్రం ఇద్దరూ కనిపిస్తున్నారు. అరవడానికి నోరు తెరిచాను. అంతలోనే తగిలింది.

తగిలిన చప్పుడు చిన్నదే. తలుపు వేసినట్టుంది. అక్క గాల్లోకి లేచి పక్కకి పడింది. వ్యాను ఆగేలోగా ముందు చక్రం ఆవిడ ఎడమ కాలి మీదికెక్కి, దాని మీదే ఆగింది. అప్పుడు అరిచింది అక్క. నా జన్మలో ఆవిడ అరుపు అంతకుముందు వినలేదు. జనం నలుగురూ బండిని ఎత్తి పక్కకి నెట్టేసరికి ఆ కాలు కాలులా లేదు. చీర ఏదో చర్మం ఏదో తెలియలేదు. తెల్లగీతల మీద రక్తం పారి పక్క గీతకి చేరింది.

నేను నిచ్చెన దిగానో దూకానో తెలియదు. వ్యాను డ్రైవరు అప్పటికే కిందికి దిగాడు. పాతికేళ్ళు ఉంటాయేమో. పారిపోవాలనుకుంటే పారిపోయేవాడు. పారిపోలేదు, చొక్కా విప్పుతూ అక్క వైపే పరిగెత్తాడు, కాలికి కట్టు కట్టడానికి. నేను మధ్యలోనే వాడి జుట్టు పట్టుకున్నాను.

"గ్రీనేనన్నా," అన్నాడు. "నాది గ్రీనేనన్నా, ఆవిడ కనబళ్ళా..."

ఆ నోటి మీదే గుద్దాను. పన్ను ఒకటి నా వేళ్ళ మధ్య గుచ్చుకుంది. వాడు మళ్ళీ "గ్రీనే" అన్నాడు. మళ్ళీ గుద్దాను. ఆ మాట ఆగాలి, అంతే నాకు కావలసింది. వాడు కిందపడ్డాడు. పడ్డవాడి ఎడమ మోకాలి మీద పానా ఎత్తి కొట్టాను. ఎండుకట్టె విరిగినట్టు విరిగింది. రెండోసారి కూడా కొట్టాను. విరిగిందని తెలిసే కొట్టాను. నేను దారి చూపించాను కదా, ఇక జనం మీదపడ్డారు. చెప్పులతో, హెల్మెట్లతో, వాడి వ్యానులోంచే లాగిన బ్రెడ్డు ట్రేలతో. ఒకాయన కూరగాయల సంచి జాగ్రత్తగా పక్కన పెట్టుకుని మరీ వచ్చి తన్నాడు. నేను అక్క దగ్గరికి వెళ్ళేటప్పటికి వాడి అరుపులు వినబడటం మానేశాయి.

అక్క కళ్ళు తెరిచే ఉంది. నా చొక్కా పట్టుకుని, "పన్నెండు," అంది. నాకు అర్థమైంది, అర్థం కానట్టు నటించాను. ఎవరికోసం నటించానో తెలియదు.

ఆస్పత్రి వరండాలో ఇన్‌స్పెక్టరు వచ్చి కూర్చున్నాడు. చేతిలో అట్ట, అట్ట మీద కాగితం.

"నువ్వు సిగ్నల్ మెకానిక్‌వి. నిచ్చెన మీదున్నావు. నీకంటే బాగా చూసినవాడు ఇంకొకడు లేడు," అన్నాడు. "జనమంతా ఎర్రలైటులో వచ్చాడంటున్నారు. నువ్వేమంటావు?"

గాజు తలుపు అవతల అక్క కాలు తీసేస్తున్నారు. మోకాలి పైదాకా. నా చేతుల మీద రక్తంలో ఆవిడది ఎంతో వాడిది ఎంతో తెలియదు.

"ఎర్రలైటే," అన్నాను.

"వాణ్ణి కొట్టిందెవరు?"

"జనం."

ఇన్‌స్పెక్టరు నా చేతి వేళ్ళకేసి చూశాడు. రాసుకున్నాడు. సంతకం పెట్టించుకున్నాడు. సంతకం నాకు కొత్త కాదు, చెయ్యి దానంతట అదే కదిలింది.

మర్నాడు అక్కకి ఇంకా స్పృహ రాలేదు. మందుల కోసం కిందికి వెళుతూ మగవాళ్ళ వార్డు ముందు ఆగాను. ఎందుకు ఆగానో చెప్పలేను. మూడో మంచం మీద వాడున్నాడు. ఒక చేతికి బేడీ, బేడీ మంచం కోడుకి. ఎడమ కాలికి తొడ దాకా కట్టు. మొహం ఉబ్బిపోయి ఒక కన్ను మూసుకుపోయింది. రెండో కన్నుతో నన్ను గుర్తుపట్టాడు. అరుస్తాడనుకున్నాను.

"అమ్మకెలా ఉంది?" అన్నాడు. పళ్ళు లేక మాట తడిగా వస్తోంది.

నేను చేతిలోని మందుల చీటీకేసి చూశాను.

"నువ్వు నిచ్చెన మీదున్నావు కదన్నా. లైటు నీ మొహం పక్కనే ఉంది. కొట్టావు, పోనీ. అక్క కాబట్టి కొట్టావు. నాది గ్రీనేనని ఆ ఒక్క మాట చెప్పన్నా. లేకపోతే ఏళ్ళ తరబడి లోపలేస్తారంట. బండి తోలడం తప్ప నాకేం రాదు. ఈ మోకాలితో క్లచ్చి తొక్కలేనంటున్నాడు డాక్టరు. కనీసం బయటన్నా ఉండనీ."

నేను వెనక్కి తిరిగి వెళ్ళిపోయాను. మెట్ల మీద కూర్చుని, మందుల చీటీ ఉండలు చేసి నలిపి, మళ్ళీ విప్పి సాపు చేశాను. పిరికితనం నాకు కొత్త. కోపం ఉన్నన్నాళ్ళూ నేను ధైర్యవంతుణ్ణనే అనుకున్నాను.

మూడోరోజు పొద్దున అక్క కళ్ళు తెరిచింది. దుప్పటి మీద చెయ్యి పెట్టి తడుముకుంది. ఎడమ వైపు చెయ్యి మంచానికి తగిలింది. అక్కడే కాసేపు ఉంచింది. ఏడవలేదు. నేను ఏడ్చాను.

"ఆ వ్యానబ్బాయి ఏమయ్యాడు?"

"ఉన్నాడు. కింద వార్డులో. పోలీసులు పట్టుకున్నారు. ఎర్రలైటులో వచ్చాడుగా."

"ఎవరు చెప్పారు?"

"నేనే."

"అబద్ధం," అంది అక్క. "బొమ్మ వెలగ్గానే దిగాను. మొదటి అడుగు నుంచీ లెక్కపెట్టాను. పన్నెండు అనేసరికి ఎర్రబడింది, బండ్లు రొద పెట్టాయి. వాడిది ఆకుపచ్చే. నన్ను నడిరోడ్డున వదిలేసింది ఆ బొమ్మరా, వాడు కాదు." కాసేపు ఊపిరి తీసుకుంది. "పన్నెండు సెకన్లు ఎవడు పెట్టాడక్కడ?"

అబద్ధం చెబుదామనే నోరు తెరిచాను. కానీ చిన్నప్పటి నుంచీ ఆవిడ ముందు అబద్ధం చెప్పి బతికింది లేదు.

"నేను పెట్టాను. నేనే నడిచి చూశాను. నాకు సరిపోయింది."

"నీకు సరిపోయింది," అంది. "దగ్గరికి రా."

వంగాను. ఎక్కడి నుంచి వచ్చిందో అంత బలం, చేతికి గుచ్చిన సూది ఊడిపడేలా చెంప మీద కొట్టింది. సెలైను గొట్టం ఊగింది. దుప్పటి మీద రక్తం చుక్కలు పడ్డాయి. నర్సు పరిగెత్తుకొచ్చింది. అక్క ఆమెని ఆగమని చెయ్యి చూపించి, మళ్ళీ కొట్టింది. నేను చెంప పక్కకి తిప్పుకోలేదు.

"వాణ్ణి కొట్టింది కూడా నువ్వే కదా. నేను చూశాను. కింద పడి ఉన్నా నాకు కళ్ళున్నాయి. పో. పోయి ఉన్నదున్నట్టు చెప్పిరా. చెప్పేదాకా నా మంచం దగ్గరికి రాకు."

స్టేషనుకి వెళ్ళి చెప్పాను. దీపం ఆకుపచ్చ. మోకాలు విరగ్గొట్టింది నేను. పన్నెండు సెకన్లు పెట్టింది నేను. ఇన్‌స్పెక్టరు విని లేచి, బల్ల చుట్టూ తిరిగొచ్చి, నా కాలరు పట్టుకుని గోడకేసి కొట్టాడు. తల వెనక చిట్లింది.

"స్టేషనంటే ఆటలుగా ఉందా? నీ మాట మీద ఒకణ్ణి మంచానికి కట్టేశాను. ఇప్పుడు కాదంటావా?"

"అప్పుడు చెప్పిందే అబద్ధం సార్."

"అది నువ్వంటే సరిపోదు. మీ ఆఫీసు నుంచి నిన్ననే ఉత్తరం వచ్చింది. అక్కడ టైము సరిపడా ఉందంట. ఐదుసార్లు నడక పరీక్ష నెగ్గిందంట. ఐదు కాగితాల మీదా నీ సంతకమే." నన్ను వదిలేసి కుర్చీలో కూలబడ్డాడు. "తొమ్మిది మంది సాక్షులు ఎర్రలైటంటున్నారు. నీకు పిచ్చెక్కిందని రాసుకుంటారు కోర్టులో."

చివరికి అతనే ఒక దారి ఆలోచించాడు. మళ్ళీ నడక పరీక్ష, అందరి ముందు. పన్నెండు సెకన్లు మనిషికి చాలవని తేలితే అక్క మాటా నా మాటా నిలబడతాయి, డ్రైవరు మీద కేసు పడిపోతుంది. చాలితే వాడు లోపలికి. ఇంజనీరు ఒప్పుకుంటూ ఉత్తరం రాశాడు. పరీక్ష చేసే మనిషి మాత్రం మారకూడదని, ఇన్నేళ్ళూ నడిచినవాడే నడవాలని, అప్పుడే పాత కాగితాలతో పోల్చడానికి వీలవుతుందని అందులో గట్టిగా పట్టుబట్టాడు.

పరీక్షకి ముందు రోజు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. మంచినీళ్ళ గ్లాసు నా ముందుకి జరిపాడు.

"చూడు కొంగా, ఎప్పటిలాగే నడు. పన్నెండులో దాటేస్తే ఫైలు మూసేద్దాం. నీ ఉద్యోగం నీది, నా ఉద్యోగం నాది. ఆ డ్రైవరు సంగతి కోర్టు చూసుకుంటుంది."

"నెమ్మదిగా నడిస్తే?"

"ఐదుసార్లు పరీక్ష నెగ్గినవాడు ఆరోసారి ఈడ్చుకుంటూ నడిస్తే నటన అని రాస్తాను. కోర్టు నీ కాళ్ళు చూస్తుంది, నా కాగితం చూస్తుంది. ఎవరిని నమ్ముతుంది?"

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇంత పొడుగు కాళ్ళు పెట్టుకుని నెమ్మదిగా నడిస్తే నిజంగానే నాటకంలా ఉంటుంది. వేగంగా నడిస్తే వాడి బతుకు తెల్లారుతుంది. ఏం చేయాలో తెలియకుండానే మంగళవారం పదకొండింటికి మార్కెట్ కూడలికి వెళ్ళాను.

ఇంజనీరు గొడుగు కింద ఉన్నాడు. ఇన్‌స్పెక్టరు చేతిలో స్టాప్‌వాచ్. బండ్లని ఆపొద్దని, మామూలు రోజులాగే వదిలేయమని కానిస్టేబుళ్ళకి చెప్పాడు. జీపులోంచి డ్రైవర్ని దింపారు. చంకల కింద ఊతకర్రలు, ఒక మణికట్టుకి వేలాడుతున్న బేడీ, ఎడమ కాలు నేలకి ఆనడం లేదు. నన్ను చూశాడు. నేను స్టేషనులో ఏం చెప్పానో వాడికి ఎవరూ చెప్పినట్టు లేదు. వాడికి తెలిసిందొక్కటే. ఈ పొడుగువాడు నడుస్తాడు, దాటేస్తాడు, తను జైలుకి పోతాడు.

"సిద్ధమేనా కొంగా?" అన్నాడు ఇంజనీరు, నవ్వుతూ.

నేను గీతల దగ్గరికి నడిచాను. వాడి పక్క నుంచే వెళ్ళాలి. పక్కకి రాగానే వాడు కుడి ఊతకర్రని రెండు చేతులా ఎత్తి నా మోకాలి మీద దింపాడు. కింద ఇనుప తొడుగున్న కర్ర. చిప్ప పక్కకి జరిగిన చప్పుడు నాకే వినబడింది. నేను పడ్డాను. వాడూ పడ్డాడు, కర్ర లేక. పడ్డవాడు ఆగలేదు. పాక్కుంటూ వచ్చి మళ్ళీ కొట్టాడు, అక్కడే. "నడవరా! ఇప్పుడు నడవరా!" అని అరుస్తున్నాడు, ఏడుస్తున్నాడు. కానిస్టేబుళ్ళు ఇద్దరు వాడి మీద పడి లాఠీలతో వీపు మీద బాదారు.

"కొట్టకండి!" అని అరిచాను. "వాణ్ణి వదలండి!"

ఇంజనీరు గొడుగు మూసేశాడు. "పరీక్ష రద్దు. ఈ కాలుతో ఎలా నడుస్తాడు? ఇంకో రోజు పెట్టుకుందాం."

నేను సిగ్నల్ స్తంభం పట్టుకుని లేచాను. కాలు కింద పెడితే నిప్పు తొక్కినట్టుంది. నొప్పితో పాటు ఒక సంగతి కూడా తెలిసింది. ఇప్పుడు నేను నటించనక్కర్లేదు.

"ఈ రోజే నడుస్తాను," అన్నాను. "నడిచే మనిషి మారకూడదన్నారు. మనిషి మారలేదు. కొంగనే."

ఇంజనీరు ఏదో అనబోయాడు. ఇన్‌స్పెక్టరు స్టాప్‌వాచ్ ఎత్తి చూపించాడు. "మీ ఉత్తరంలో కాలు గురించి ఏమీ రాయలేదు సార్," అన్నాడు.

బొమ్మ వెలిగింది. దిగాను. ఒకటి. కాలు ఈడ్చాలి, ఆగాలి, రెండో కాలు వేయాలి. అక్క ఇలాగే నడుస్తుంది. మూడు, నాలుగు. పది దగ్గర రెండో వరసలో ఉన్నాను. నా ముందు ఇంకా గీతలు, గీతలు. నేనే వేయించిన తెల్లరంగు అది, ఇంత పొడుగుందని నాకు తెలియదు. పన్నెండు. బొమ్మ ఎర్రబడింది.

బండ్లు ఒక్కసారిగా రొద పెట్టాయి. మోటారు సైకిలు ఒకటి నా మోచేతిని కొట్టుకుంటూ పోయింది. బూతు ఒకటి గాల్లో మిగిలింది. పక్కన లారీ ఆగింది, హారను చెవిలో పెట్టి కొట్టినట్టు. దాని ముందు నుంచి మూడో వరసలోకి అడుగు వేయాలి. అవతల ఏముందో కనబడదు. అక్క ఇక్కడే అడుగు వేసింది. చావు భయం అంటే ఏమిటో ఆ లారీ పక్కన తెలిసింది నాకు. ఆవిడ ఆ భయంతోనే రోజుకి నాలుగుసార్లు ఈ రోడ్డు దాటింది, ఇంటికొచ్చి నాకు అన్నం పెట్టింది.

అడుగు వేశాను. టైర్లు కీచుమన్నాయి. కారు బంపరు నా తొడకి తగిలి ఆగింది. నేను దాని బానెట్ మీద బోర్లాపడ్డాను. లోపలివాడు దిగొచ్చి నా ఛాతీ మీద రెండు చేతులా తోశాడు.

"చావడానికి నా బండే దొరికిందా?" అని చెంప మీద కొట్టాడు.

వారం కిందటైతే వాడి చెయ్యి విరిచేవాణ్ణి. ఇప్పుడు దండం పెట్టి, పక్కకి తప్పుకుని, కాలీడ్చుకుంటూ మిగతా గీతలు దాటాను. అవతల ఒడ్డు ఎక్కి కూలబడ్డాను.

"ఇరవై తొమ్మిది," అన్నాడు ఇన్‌స్పెక్టరు ఇవతల నుంచి, కారువాడి దగ్గర ఆగిన సెకన్లు తీసేసి, అందరికీ వినబడేలా.

నన్ను జీపులో ఇవతలికి తెచ్చారు. కాగితం నా ఒళ్ళో పెట్టారు. నడక పరీక్ష అన్న గడిలో టిక్కు పెట్టలేదు, ఇంటూ పెట్టాను. సంతకం చేశాను. ఇంజనీరు చూస్తుండగానే పెట్టె తెరిచి పన్నెండు తీసేసి ఇరవై తొమ్మిది పెట్టాను. అతను జేబులో ఫోను మోగుతుంటే ఎత్తలేదు.

డ్రైవరు జీపు చక్రానికి ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. వీపు మీద చొక్కా చిరిగింది. నేను వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను, వాడికి మళ్ళీ కొట్టడానికి అందేంత దగ్గరగా. వాడు కొట్టలేదు.

"నీది గ్రీనే," అన్నాను.

వాడు తల తిప్పుకున్నాడు. క్షమించమని అడగలేదు నేను. అడిగే మొహం నాకు లేదు.

నన్ను కొట్టినందుకు వాడి మీద కేసు వద్దన్నాను. వాడి బేడీ విప్పి అదే బేడీ నా చేతికి వేశారు. మోకాలు విరగ్గొట్టిన కేసు, దొంగ సాక్ష్యం కేసు. ఉద్యోగం నుంచి ఆపేస్తున్నట్టు ఇంజనీరు అక్కడికక్కడే రాసిచ్చాడు. ఆ కంగారులో పెట్టె తాళంచెవి అడగడం మర్చిపోయాడు. స్టేషనుకి వెళ్ళేముందు అక్కని ఒకసారి చూసొస్తానంటే ఇన్‌స్పెక్టరు సరేనన్నాడు.

నేను కుంటుతూ వార్డులోకి వెళ్ళాను. అక్క నా మోకాలు చూసింది, బేడీ చూసింది.

"చెప్పావా?"

"చెప్పాను. వాణ్ణి వదిలేశారు. ఇవాళ మళ్ళీ నడిచాను, ఈ కాలుతో. ఇరవై తొమ్మిది వచ్చింది. అదే పెట్టేశాను."

అక్క కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను. పెదాలు మాత్రం కదులుతున్నాయి.

"రెండు కాళ్ళున్నప్పుడే నాకు ముప్పై ఒకటి పట్టేదిరా," అంది. "ఆ రెండూ కూడా వెయ్యి."

జీపెక్కాక, మార్కెట్ కూడలి దగ్గర ఒక్క నిమిషం ఆపమని ఇన్‌స్పెక్టర్ని అడిగాను. ఎందుకన్నాడు.

"రెండు సెకన్లు తక్కువ పెట్టాను సార్," అన్నాను. ఆపాడు.